అనంతపురం ఇళ్లు: చలికాలపు సంరక్షణ

అనంతపురం పీఠభూమిలో ఇంటిని చలికాలానికి సిద్ధం చేయడమంటే ముందుగా పైకప్పును పొడిగా నిలుపుకోవడం. ఇక్కడి ఇళ్లలో గదిని వేడిచేసే ఏర్పాట్లేవీ లేవు, వాటి అవసరమూ పెద్దగా రాలేదు. పగలు ఎండ కాస్తుంది. ఆ ఎండను రాత్రి దాకా దాచిపెట్టేది మందపాటి గోడ, మందపాటి కప్పు. తడిసిన గోడ ఆ పని చేయలేదు. గోడలూ కప్పూ తడిసేది చలికి సరిగ్గా ముందు నెలల్లో, ఈశాన్య రుతుపవనం తెచ్చే అక్టోబరు, నవంబరు వానల్లో. కరువు సీమలో ఇంటి కథ అంతా వాన చుట్టూ తిరగడం వింతగా తోచవచ్చు గానీ, ఇక్కడ ఇళ్లు కూలేది కరువుకు కాదు.

ఈ వ్యాసంలో అనంతపురం అంటే 1882లో బళ్లారి నుంచి వేరుపడి ఏర్పడిన పాత జిల్లా. 2022 ఏప్రిల్ 4న అందులోని దక్షిణ భాగం పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఇళ్ల తీరు, చలి తీరు రెండు జిల్లాల్లోనూ దాదాపు ఒకటే.

చలి స్వభావం

పడమటి కనుమల చాటున పడటం వల్ల నైరుతి వానలు, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య వానలు ఈ ప్రాంతానికి అరకొరగానే అందుతాయి. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో నైరుతి వాటా 340 దాకా, ఈశాన్యం వాటా 150 పైచిలుకు. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు తక్కువ కాబట్టి శీతాకాలంలో పగటి వేడిమి రాత్రికి నేరుగా ఆకాశంలోకి పోతుంది. జనవరిలో అనంతపురం పట్టణంలో పగలు 30 డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్నా, తెల్లవారుజాముకు 17 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. చలి ఎక్కువైన రోజుల్లో ఇంకా తగ్గుతుంది.

పీఠభూమి దక్షిణాన ఎత్తుగా ఉండి ఉత్తరానికి వాలుతుంది. పెన్న ఉత్తరంగా పారేది అందుకే. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 మీటర్లు, మడకశిర అంతకంటే ఎత్తు. కేవలం ఎత్తు వల్లనే మడకశిరలో తాడిపత్రి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. లద్దాఖ్ వాళ్లకు, ఢిల్లీ వాళ్లకు ఇదొక చలేనా అనిపించవచ్చు. అయితే మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు అలవాటుపడిన ఒంటికి, పలుచని నూలు బట్టకు, తలుపు సందుల్లోంచి గాలి దూరే ఇంటికి ఈ చలి చాలు. ముసలివాళ్లు, పసిపిల్లలు, బాలింతలు దీన్ని ఎక్కువగా అనుభవిస్తారు. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందన్న మాట ఇక్కడ చాలా ఏళ్లు నిజమవుతుంది. ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది.

చౌడు మిద్దె

రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్న ఇల్లు మట్టి మిద్దె. రాయిని మట్టి అడుసుతో పేర్చి కట్టిన గోడలు అడుగున్నర నుంచి రెండడుగులు, కొన్ని ఇళ్లలో అంతకు మించి మందం. గోడల మీద, కంబాల మీద దూలాలు; దూలాల మీద అడ్డంగా దంతెలు; వాటిపైన దగ్గర దగ్గరగా పుల్లలు, ఆకు కొమ్మలు; ఆపైన తడిమట్టి; అన్నిటికీ పైన చౌడు. పెద్ద మాను దొరకని మెట్టసీమ కాబట్టి వేప, తుమ్మ దూలాలే ఎక్కువ. అవి పొడుగు సాగవు గనుక గదులు ఇరుకు. ఇంటి పరిమాణాన్ని అంకణాల్లో, అంటే రెండు దూలాల మధ్య ఎడాల్లో, చెప్పుకునేది అందుకే. మూడంకణాల ఇల్లంటే సామాన్యుడిది, తొమ్మిదంకణాలంటే మోతుబరిది.

ఈ కప్పులో అసలు తెలివి చౌడు వాడకంలో ఉంది. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి ఉబ్బేలా చేస్తుంది. ఆ సన్నని రేణువులు మట్టిలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. పై పొర తడిసి బిగుసుకున్నాక నీరు లోపలికి ఇంకదు, వాలు చూసుకుని పారిపోతుంది. చేనులో చౌడు పడితే పైరు బతకదు, ఎందుకంటే అక్కడా నీరు ఇంకదు. చేనుకు శాపమైన గుణమే మిద్దెకు రక్ష. రసాయనశాస్త్రం తెలియకుండానే రైతు ఈ లెక్క పట్టుకున్నాడు. చాకళ్లు బట్టలుతకడానికి వాడిందీ ఈ చౌడే.

బల్లపరుపు మట్టి కప్పులు ఒక్క రాయలసీమవే కావు. వాన తక్కువగా కురిసే చోట్ల, ఇరాన్‌లో, అనతోలియాలో, లద్దాఖ్‌లో అవే కనిపిస్తాయి. అనతోలియా పల్లెల్లో కప్పు మీద గుండ్రటి రాతి రోలరు ఉంచుకుని, వాన వెలిసినప్పుడల్లా మట్టిని అణచడానికి దొర్లిస్తారు. అనంతపురం మిద్దె మీద ఆ పని మనుషుల కాళ్లు, దిమ్మిసలు చేస్తాయి.

ఉత్తరాన తాడిపత్రి వైపు నల్లటి సున్నపురాయి పలకలుగా దొరుకుతుంది. అక్కడ దంతెల మీద పుల్లలకు బదులు బండలు పరిచి, వాటి మీద మట్టో సున్నమో వేసిన ఇళ్లు ఎక్కువ. పట్టణాల్లో షావుకార్ల ఇళ్లకు గానుగ సున్నం, ఇటుక పొడి కలిపి గచ్చు వేసేవారు. బీదల ఇల్లు బోద గడ్డి కప్పిన కొట్టం. అది ఏటేటా కప్పు మార్చాల్సిందే, అగ్గి భయమూ ఉంటుంది. అయినా కప్పు మందంగా పడితే చలికాలం రాత్రి రేకుల ఇంటికంటే అదే నయం.

ఏటేటా చేయాల్సిన పని

మట్టి మిద్దె కట్టి వదిలేసే ఇల్లు కాదు. వానలకు ముందు వంక గట్ల నుంచో, చెరువు పక్క నుంచో బండ్లతో చౌడు తోలి మిద్దె మీద చల్లి సదును చేయాలి. మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పెరకాలి. వేరు చనిపోయి ఎండితే ఆ దారిన నీరు దిగుతుంది. ఎలుక బొక్కలు, చీమల పుట్టలు పూడ్చాలి. నీళ్లు పడే గొట్టాల దగ్గర చెత్త తీయాలి. గవాచి చుట్టూ కట్ట ఎత్తుగా ఉందో లేదో చూడాలి. ఇంటి నడిమి కప్పులో వెలుతురుకు, పొగ పోవడానికి ఉంచిన ఈ రంధ్రాన్ని వాన పడేటప్పుడు బండతోనో, చట్టితోనో మూస్తారు. ముసురు పట్టిన రాత్రి కప్పు కారడం మొదలైతే, గోనెసంచి నెత్తిన వేసుకుని మిద్దెక్కి, కారే చోట గంపెడు చౌడు పోసి తొక్కేవారు ప్రతి ఇంటా ఉండేవారు.

ఇక్కడే ఒక ప్రమాదం దాగి ఉంది. ఏటా కొత్త చౌడు వేస్తూ పోయి పాతది తీయకపోతే కప్పు బరువు పెరుగుతూ పోతుంది. అరడుగు మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. మూడు మీటర్లు, నాలుగు మీటర్ల గది మీద అది మూడు టన్నులు. మట్టి అడుగు మందమైతే ఆరు టన్నులు, నాని ఉబ్బితే ఇంకా ఎక్కువ. ఇంత బరువు ఏ వేప దూలం మీదో నిలవాలి. దాన్ని లోపలినుంచి చెదలు తింటుంటే బయటికి కనబడదు. కాబట్టి కొన్నేళ్లకోసారి పాత మట్టిని పూర్తిగా గీకి దించి, దూలాలను తట్టి చూసి, మెత్తబడిన వాటిని మార్చి, మళ్లీ కప్పుకోవాలి. ఇది ఖర్చుతో కూడిన పని, పదిమంది చేతులు కావాలి. చెనిక్కాయ (వేరుశనగ) పంట పోయిన ఏడాది దీన్ని వాయిదా వేస్తారు. మరుసటి ఏడాదీ పంట రాదు, మళ్లీ వాయిదా. కరువు సాగినన్నాళ్లూ వాన లేదు కాబట్టి కప్పు కారదు, కారదు కాబట్టి ఎవరికీ గుర్తుకు రాదు. ఈలోగా బెంగళూరుకో, కేరళకో వలస పోయిన ఇంటి తలుపుకు తాళం, మిద్దె మీద గడ్డి. ఆ తర్వాత ఒక నవంబరులో బంగాళాఖాతం వాయుగుండం మూడు రోజులు ముసురు పట్టిస్తే ఊళ్లో మిద్దెలు కూలతాయి. కూలేది చాలాసార్లు రాత్రివేళే, నిద్రలో ఉన్నవాళ్ల మీద. ప్రతి పెద్ద వాన తర్వాత జిల్లా పత్రికల్లో ఈ వార్త ఉంటుంది.

మట్టి ఇంటినే తప్పుపట్టడానికి లేదు. 2021 నవంబరు మూడో వారం కుండపోత వానలకు చిత్రావతి పొంగినప్పుడు కదిరి పట్టణంలో కూలింది కడుతున్న కాంక్రీటు భవనం. అది పక్క ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు సిమెంటు గోడలు కూడా వారాల తరబడి ఆరలేదు. నానిన గోడ, అది మట్టిదైనా సిమెంటుదైనా, ఆరే క్రమంలో గదిలోని వేడిని పీల్చుకుంటూ ఉంటుంది. డిసెంబరులో ఆ ఇంట్లో బయటికంటే లోపలే చలిగా అనిపించేది అందుకే.

గోడల పని దీనికి జోడు. వానకు కొట్టుకుపోయిన పునాది మొదట్లో మట్టి ఎక్కించి, వాననీరు గోడ నుంచి దూరంగా పోయేలా వాలు చేయాలి. రాళ్ల సందుల్లో రాలిన అడుసును మళ్లీ మెత్తాలి. సంక్రాంతికి ముందు పేడతో అలికి, సుద్దో సున్నమో కొట్టి, కింద ఎర్రమన్నుతో పట్టీ తీర్చడం పండగ ముస్తాబుగా కనిపిస్తుంది. నిజానికి అది వానాకాలపు పగుళ్లను వెతికి పూడ్చే ఏటివారీ తనిఖీ కూడా. మట్టి గోడకు సిమెంటు పూత వేయడం మాత్రం మేలు చేయదు. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, గోడ పూత వెనకనే కుళ్లుతుంది. కొన్నేళ్లకు పూత అట్టలు అట్టలుగా ఊడుతుంది. మట్టికి మట్టి పూతో, సున్నం పూతో తగినది.

మిద్దె వెచ్చదనం

రెండడుగుల రాతిమట్టి గోడలో ఎండవేడి ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరడానికి పది గంటల పైచిలుకు పడుతుంది. మధ్యాహ్నం బయట తగిలిన వేడి అర్ధరాత్రి దాటాక లోపల అందుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు కప్పులో ఇదే ప్రయాణం దాదాపు మూడు గంటల్లో అయిపోతుంది. సాయంత్రం గదిని ఉక్కబెట్టి, కోడికూతకు చల్లబడుతుంది. రేకుకు ఆ మూడు గంటల ఓపిక కూడా లేదు.

పాత మిద్దెల్లో కిటికీలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. గాలి వెలుతురు గవాచి నుంచే. వంటింట్లో కంది కట్టె, సర్కారు కంప మండితే పొగ కప్పుకింద తేలి గవాచి దారిన పోయేది. ఆ పొగకు దూలాలు నల్లగా మెరుస్తూ పొడిగా ఉండేవి, పురుగు పట్టేది కాదు. పొగ దూలాలకు చేసిన మేలు ఆడవాళ్ల ఊపిరితిత్తులకు చేయలేదన్నదీ చెప్పుకోవాలి. పొయ్యి పక్కనే బచ్చలి (స్నానాల చోటు), అందులో నీళ్ల కాగు. వంట మంట మిగులు వేడికే స్నానాల నీళ్లు కాగేవి.

ఇంకో వేడి వనరు ఎద్దులు. చాలా ఇళ్లలో ముందు భాగం గాటిపాట. కాడెద్దులు అక్కడే ఇంటి కప్పు కిందే ఉండేవి. పెద్ద పశువు ఒంటినుంచి ఎప్పుడూ అర కిలోవాటుకు తగ్గని వేడి వెలువడుతూ ఉంటుంది. జత ఎద్దులున్న ఇంట్లో ముసలాయన మంచం గాటిపాట పక్కన పడటానికి దొంగల భయం ఒక్కటే కారణం కాదు. ఈగలు, మూత్రపు వాసన, రోగాలు దీనికి మూల్యం. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాక గాటిపాటలు మోటారు సైకిళ్ల చోటయ్యాయి.

స్లాబు, రేకు

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆర్డీటీ, కరువు పల్లెల్లో పేదలకు పక్కా ఇళ్లు వేల సంఖ్యలో కట్టించింది. దళిత వాడల్లో కొట్టాల స్థానంలో గట్టి కప్పు రావడంలో ఆ సంస్థది పెద్ద పాత్ర. ప్రభుత్వం వైపు నుంచి ఇందిరా ఆవాస్, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు, 2020 డిసెంబరులో మొదలైన జగనన్న కాలనీలు వచ్చాయి. మిద్దె కూలి చచ్చే భయం వీటితో తగ్గింది. ఏటా చౌడు తోలే బాధ తప్పింది. ఇది చిన్న మేలు కాదు. మట్టి ఇంటిని మెచ్చుకునే పట్నవాసులు దీన్ని మరిచిపోతుంటారు.

పోయింది వెచ్చదనం, చల్లదనం రెండూ. పలుచని సిమెంటు ఇటుక గోడ, పలుచని స్లాబు వేసవిలో కాలుతాయి, పుష్యమాసంలో జిల్లుమంటాయి. లద్దాఖ్‌కూ కోనసీమకూ ఎలా ఒకే ఇంటి నమూనా పనికిరాదో, కోనసీమకూ మడకశిరకూ అలాగే పనికిరాదు. కప్పు మీద కాస్త మందం పెంచే పొర, పడమటి గోడైనా రాతితో కట్టుకునే వెసులుబాటు ప్రభుత్వ అంచనాల్లో ఉంటే అనంతపురం ఇంటికి సరిపోయేది.

స్లాబుకు కూడా సంరక్షణ అక్టోబరుకు ముందే. నీరు నిలిచే పల్లాలను వాలు సరిచేసి పూడ్చాలి. గొట్టాలు శుభ్రం చేయాలి. పగులును వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, నీరు ఇంకనివ్వని రసాయనం కలిపిన సిమెంటుతో నింపాలి. పగులు మీద పైపైన సిమెంటు పాలు పూస్తే ఒక ఎండాకాలం దాటదు. ఇనుప చువ్వ తుప్పు పట్టి పెచ్చు రాలుతుంటే పూతలు పనికిరావు. అక్కడ తుప్పు గీకి కొత్తగా కాంక్రీటు వేయాల్సిందే.

రేకుల ఇంటి చలి మరో రకం. రాత్రి నిర్మలాకాశం కింద రేకు చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. లోపలి మనుషుల ఊపిరి, వంట ఆవిరి ఆ చల్లని రేకుకు తగిలి నీటిబొట్లుగా మారి తెల్లవారుజామున పక్కల మీద రాలతాయి. కప్పు కారుతోందని రేకుల మేకులు బిగించుకున్నా ఇది ఆగదు. రేకు కింద జానెడు సందు వదిలి ఈతచాపో, బోద తడికో కట్టడం మందు. గోడకూ రేకుకూ మధ్య కొంచెం గాలి ఆడనివ్వాలి. చాప పొయ్యి మీదుగా రాకూడదు. ఆస్‌బెస్టాస్ రేకును కోసేటప్పుడు, తొలిచేటప్పుడు తడిపి, సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని చేయాలి. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో జీవితాంతం ఉంటుంది.

పట్టుపురుగు గది

మనుషులు దుప్పటితో సరిపెట్టుకునే ఈ సీమలో హీటరు కొని గది వెచ్చబెట్టేది పట్టుపురుగుకు. హిందూపురం, మడకశిర, కదిరి, ధర్మవరం ప్రాంతాల్లో మల్బరీ సాగు చేసే రైతులు చలికాలపు పంటకు పడే పాట్లే ఈ పీఠభూమిలో గదిని లెక్కగా వెచ్చబెట్టడానికి ఉన్న అసలైన ఉదాహరణ. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, 80 శాతానికి పైగా తేమ కావాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. రాత్రి గది 20 డిగ్రీల కిందికి పోతే పురుగు మేత మానేసి మందగిస్తుంది, గూడు కట్టే రోజు వెనక్కి పోతుంది, ఆకు ఖర్చు పెరుగుతుంది. చలికి తేమ తోడైతే సున్నపుకట్టు రోగం తగిలి పురుగులు తెల్లగా గట్టిపడి చస్తాయి.

అందుకే షెడ్డు కిటికీలకు గోనె పట్టాలు, ప్లాస్టిక్ పరదాలు దించుతారు. బొగ్గుల కుంపటో విద్యుత్ హీటరో పెడతారు. మధ్యాహ్నం ఎండ ఉండగా పరదాలెత్తి గాలి మార్చి, పొద్దు వాలకముందే దించుతారు. పడకలో తేమ పెరిగితే పొడి సున్నం చల్లుతారు. గోడకు ఉష్ణమాపకం వేలాడుతుంది. అదే రైతు ఇంట్లో, అదే రాత్రి, పసిపిల్ల పడుకున్న గదిలో అలాంటిదేమీ ఉండదు. ఎండ ఉండగా తలుపులు తెరవడం, పొద్దు వాలకముందే మూయడం అన్న షెడ్డు పద్ధతి ఇంటికీ అచ్చంగా వర్తిస్తుంది.

ధర్మవరం నేతగాళ్లది దీనికి భిన్నమైన ఇబ్బంది. గుంట మగ్గం నేలలో దిగి ఉంటుంది. నవంబరు వానకు గుంటలో నీరూరితే మగ్గం నిలిచిపోతుంది. కాళ్లు చెమ్మలో పెట్టి కూర్చున్నవాడికి చలి మోకాళ్ల నుంచి ఎక్కుతుంది. గుంట అడుగున బండ పరిచి, గోడలకు సున్నం చేయించి, వీధి మట్టం కంటే ఇంటి నేలను ఎత్తుచేసుకోవడమే దారి.

కంబళి, బొంత

ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో అనంతపురం ముందుంటుంది. అయినా ఈ జిల్లాలో ఉన్ని కంబళి అరుదైపోతోంది. గొర్రెలు కాసే కురుబలు నల్లగొర్రె ఉన్ని కత్తిరించి, ఇంటి ఆడవాళ్లు వడికితే, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచేవారు. ఆ గంజి, ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు కలిసి చిన్న వానను జారవిడుస్తాయి. గొర్రెల కాపరికి అదే గొడుగు, అదే పక్క. గరుకుగా ఉంటుంది, కొత్తలో ఒళ్లు గీరుతుంది. ఒక్కటి కొంటే ఏళ్లు వస్తుంది. మాంసం గిరాకీ పెరిగాక ఉన్ని గొర్రెల స్థానంలో ఉన్ని లేని నెల్లూరు రకం మందలు వచ్చాయి. గొర్రెలు పెరిగాయి, కంబళి నూలు తగ్గింది.

పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత ఖర్చు లేని సాధనం. వెచ్చబెట్టేది పొరల మధ్య నిలిచిన గాలి. కాబట్టి బొంతను వారానికోసారి ఎండలో వేసి దులపాలి. చెమ్మకు అణిగిపోయిన బొంత బరువే తప్ప వెచ్చదనం ఇవ్వదు. నేల మీద పడుకునేవాళ్లు పైన రెండు దుప్పట్లు కప్పుకునే బదులు ఒకటి కింద పరుచుకుంటే చలి సగం తగ్గుతుంది. బండపరుపు నేల అయితే మరీనూ.

మంట, కుంపటి, కడ్డీ

ఊరి రచ్చకట్ట దగ్గర తెల్లవారుజామున వేసే చలిమంటకు చెనిక్కాయ పొట్టు, కంది కంప, సర్కారు కంప సరుకు. ఆరుబయట మంటకు కొట్టాలు, వాములు దూరంగా ఉంటే చాలు. రబ్బరు, టైర్లు, ప్లాస్టిక్ సంచులు వేయకూడదు. నీళ్లు కాచే కరెంటు కడ్డీ బకెట్‌లో ఉండగా వేలు పెట్టి వేడి చూడటం చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. ఇనుప బకెట్ వాడనే కూడదు.

బొగ్గుల కుంపటి సంగతి వేరు. గవాచి ఉన్న పాత మిద్దెలో అది ఎంతో కొంత చెల్లింది, ఎందుకంటే కప్పుకే రంధ్రం ఉంది. కిటికీలు బిగించిన స్లాబు గదిలో, పరదాలు దించిన పట్టుపురుగు షెడ్డులో అదే కుంపటి కార్బన్ మోనాక్సైడ్‌ను నింపుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొగ రావడం లేదు కదా అని ధైర్యపడటానికి వీల్లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండి నిద్రలోనే ప్రాణం పోతుంది. పురుగులకు కుంపటి పెట్టేవారు షెడ్డులో పడుకోవద్దు. బాలింత గదిలో కుంపటి పెట్టాలనుకుంటే తలుపు తెరిచి, మనుషులు మేలుకుని ఉన్నంతసేపే పెట్టి, నిద్రకు ముందు ఆ నిప్పును బయటికి తీసేయండి.